ముక్కు మీద మాస్క్, మొదటి మూడు వారాలు



మీ ఇంట్లో ఎవరికైనా డాక్టర్ గారు సీప్యాప్ మెషిన్ రాసిచ్చారా? ఇచ్చి ఉంటే అది ఇప్పుడు మంచం పక్కన ఉందా, బీరువా పైన ఉందా? బీరువా పైన ఉంటే ఈ పేజీ మీకోసమే. ఎనిమిది నెలలుగా నేను రోజూ రాత్రి ఆ మాస్క్ పెట్టుకునే పడుకుంటున్నాను. నాకింకా ముప్పై నిండలేదు. "ఈ వయసులో గురకకి మెషిన్ ఏంటమ్మా?" అని అడగని బంధువులు లేరు.

గురక అంటే మనకి నవ్వులాట. గురకపెట్టేవాళ్లు హాయిగా నిద్రపోతున్నారనే అనుకుంటాం. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో జరిగేది వేరు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కవేస్తారు. మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది, గాలి అందుతుంది, మళ్లీ నిద్ర పడుతుంది. పొద్దున్నే ఇవేవీ గుర్తుండవు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం రెండూ కలిపి గంటకి 30 సార్లు దాటితే తీవ్రమైనదని అంటారు. నా రిపోర్టులో 34 అని వచ్చింది. అంటే దాదాపు రెండు నిమిషాలకోసారి. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోకండి, నాలాగా దవడ చిన్నగా ఉన్నా రావచ్చు.

లేవగానే తలనొప్పి, మధ్యాహ్నం నోట్‌బుక్స్ దిద్దుతుంటే కళ్లు మూతలుపడటం మామూలైపోయింది. అదంతా పని ఒత్తిడే అన్నారు అందరూ. ఒకరోజు స్కూటీ మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా కునుకు పట్టింది. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మీలో చాలామంది పిల్లల్ని బండి వెనక కూర్చోబెట్టుకుని వస్తారు కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

ఇంతకీ ఆ మెషిన్ ఆక్సిజన్ ఇవ్వదు. గదిలో ఉన్న గాలినే కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపి, గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. ఆస్ట్రేలియాలో డాక్టర్ కొలిన్ సలివాన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో దీన్ని మొదట తయారుచేసి, ఐదుగురు పేషెంట్ల మీద వచ్చిన ఫలితాన్ని 1981లో ప్రచురించారు. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు, మామూలుగా 4 నుంచి 20 దాకా ఉంటుంది. నాది 9. అది ఎంతో తెలియాలంటే గ్లాసు నీళ్లలో స్ట్రాని 9 సెంటీమీటర్ల లోతుకి ముంచి ఊదండి. బుడగ బయటికి రావడానికి ఎంత బలం కావాలో, అంతే. పిల్లలతో చేయించండి, సరదాపడతారు.

ఊదితే అంతేగానీ, దానికి ఎదురుగా రాత్రంతా ఊపిరి వదలాలంటే మొదట కంగారు పుడుతుంది. మాట్లాడబోయి నోరు తెరిస్తే గాలి బయటికి తన్నుకొస్తుంది. మొదటి రాత్రి గంటా నలభై నిమిషాలు ఉంచుకున్నానని పొద్దున్న మెషిన్ చూపించింది. ఎప్పుడు తీసేశానో నాకే తెలీదు. చాలామంది సరిగ్గా ఇక్కడే "నా వల్ల కాదు" అని మెషిన్ని బీరువా ఎక్కిస్తారు.

నాకు పనికొచ్చింది పగటి సాధన. మెషిన్ ఆన్ చేసి, మాస్క్ పెట్టుకుని సోఫాలో కూర్చుని పేపర్లు దిద్దేదాన్ని. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట. ధ్యాస పని మీద ఉంటే ముక్కు సంగతి మర్చిపోతాం. రాత్రి పడుకునేటప్పుడు 'ర్యాంప్' పెట్టుకుంటే ఒత్తిడి తక్కువలో మొదలై, నిద్రపట్టే లోపు మెల్లగా పెరుగుతుంది. అసలు ఒత్తిడి అంకెని మాత్రం సొంతంగా మార్చకండి, అది డాక్టర్ పని.

గాలి లీకవుతోందని అందరూ పట్టీలు బిగిస్తారు. బిగించేకొద్దీ మాస్క్ ముడతపడి ఇంకా లీకవుతుంది, ముక్కు మీద మచ్చ మిగులుతుంది. ("టీచర్, మీరు రాత్రిపూట కళ్లజోడు పెట్టుకుంటారా?" అని మా ఐదో తరగతి వాళ్లు అడిగారు.) మెషిన్ నడుస్తుండగా, వెల్లకిలా పడుకుని పట్టీలు సరిచేసుకోవాలి. మన ఇళ్లలో ఇంకో చిక్కు తలనూనె. నూనె తగిలితే సిలికాన్ జారిపోతుంది. నేను నూనె రాసుకోవడం పొద్దుటికి మార్చుకుని, పడుకునే ముందు ముఖం కడుక్కుంటున్నాను. ముక్కు ఎండిపోతుంటే హ్యుమిడిఫైయర్లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. చలికాలంలో గొట్టంలో నీరు చేరి గుడగుడమంటుంది. గొట్టాన్ని దుప్పటి కింద పెట్టుకుంటే ఆగింది.

"కరెంటు పోతే ఊపిరాడదేమో" అని మా అమ్మ పదిరోజులు నా గదిలోనే పడుకుంది. మాస్క్‌కి గాలి పోయే రంధ్రాలుంటాయి, నాది ముక్కు వరకే కాబట్టి నోరు ఖాళీగా ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి నాకు మెలకువ వచ్చింది, తీసి పక్కన పెట్టాను, అంతే. అమ్మకి ఇంకో భయం కూడా ఉంది. సంబంధాలు చూస్తున్నారు కదా, మెషిన్ సంగతి చెప్పొద్దంటుంది. నేను చెబుతున్నాను. ఒకళ్లు విని మళ్లీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోవడమే నయం.

రాత్రికి నాలుగు గంటలైనా వాడితేనే వాడినట్టు లెక్క అంటారు. నాకు ఆ నాలుగు గంటలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. మూడో వారంలో ఒకరోజు అలారం మోగేదాకా మెలకువ రాలేదు, తలనొప్పీ లేదు. ఇప్పుడు గంటకి 34 కాస్తా 3కి దిగింది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నాన్న ముఖానికి గొట్టం చూసి బెదరొచ్చు. పగలు, మెషిన్ ఆపి ఉన్నప్పుడు వాళ్లచేత ముట్టించండి. ఇక పిల్లలే రోజూ గురకపెడుతూ, నోరు తెరిచి పడుకుంటుంటే ముద్దుగా ఉందని వీడియో తీసి ఊరుకోకండి, ఆ వీడియోని ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. పిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరగడమే కారణం. వాటిని తీసేస్తే చాలామందికి మెషిన్ అవసరమే రాదు. నిద్ర చాలని పిల్లలు క్లాసులో తూగాలనేమీ లేదు. కుదురుగా కూర్చోకపోవడం, చెప్పింది తలకెక్కకపోవడం కూడా అదే కావచ్చు. అల్లరని, ఫోన్ అలవాటని రిమార్కు రాసే ముందు నేనిప్పుడు "వీడు రాత్రి గురకపెడతాడా అండీ?" అని అడుగుతున్నాను. పేరెంట్ మీటింగ్‌లో మిమ్మల్నీ అడిగితే ఏమీ అనుకోకండి.

ఆ రోజు మాస్క్ కూడా బ్యాగులో తెస్తాను. బీరువా పైన మెషిన్ ఉన్నవాళ్లు మీటింగ్ అయ్యాక ఒక్క పది నిమిషాలు ఆగండి. పట్టీ ఎలా సరిచేసుకోవాలో రాసి చెప్పడం కష్టం, చూపించడం తేలిక.