‘ఫికార్’ అంటే ఉండటమేనా?

లిస్బన్‌లో పోర్చుగీస్ క్లాసులో చేరిన మనవాళ్ళకి మొదటి నెలలోనే ఎదురయ్యే క్రియ ‘ఫికార్’. డిక్షనరీలో ముందు కనిపించే అర్థం ‘ఉండు, నిలిచిపో’. అంతటితో సరిపెట్టుకుంటే బజారులో పని జరగదు.

మందుల షాపు ఎక్కడుందో అడగాలంటే "ఓంద్ ఫీక ఆ ఫర్మాసియ?" అనాలి. ఇల్లు, వీధి, ఊరు, ఇలా కదలనివి ఎక్కడున్నాయో చెప్పడానికి ఇదే మాట. టాక్సీ అతనితో చిల్లర ఉంచుకోమనాలన్నా ఇదే: "ఫీక్ కొం ఉ త్రోకు." ఈ రంగు మీకు బాగా నప్పింది అనడానికీ, ఈ పని రేపటికి ఉంచుదాం అనడానికీ ఇదే. బ్రెజిల్ కుర్రకారు దగ్గరైతే పెళ్ళీ పేరూ లేని ఒక సాయంత్రపు ముద్దుముచ్చటకి కూడా ఇదే మాట. కాబట్టి పిల్లల నోట విన్నప్పుడు ఎవరి పోర్చుగీసో చూసుకోండి!

ఇవన్నీ ఒక ఎత్తు. మనిషిలో వచ్చే మార్పుకి కూడా ఫికారే వాడటం ఇంకో ఎత్తు. మనకి కోపం వస్తుంది, జబ్బు చేస్తుంది, నెల తప్పుతుంది. ఒక్కోదానికి ఒక్కో క్రియ. వాళ్ళకి ఆ మూడింటికీ ఫికార్ సరిపోతుంది.

మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ తన కథంతా నాకు రెండు ముక్కల్లో చెప్పింది: "ఫికెయ్ వియూవ. ఫికెయ్ అకీ." భర్త పోయి ఒంటరిదాన్నయ్యాను, ఇక్కడే ఉండిపోయాను అని. తెలుగులో చెప్పాలంటే నాకు రెండు క్రియలు కావాల్సొచ్చాయి. ఆవిడకి ఒక్కటే సరిపోయింది.

అప్పట్నుంచి మన ‘ఉండిపోవడం’ గురించి ఆలోచిస్తున్నాను. ఉన్నామని చెప్పే మాటలోనే ‘పోవడం’ పెట్టుకున్నాం మనం. ఊర్నుంచి అమ్మ ఫోన్లో "ఇంక అక్కడే ఉండిపోతావుటే?" అంటే నాకు ‘ఉండి’ వినపడదు, ‘పోతావు’ ఒక్కటే వినపడుతుంది. అమ్మకీ అంతేననుకుంటా.

ఫికార్‌లో ఆ పోవడం లేదు. దాని మూలం లాటిన్‌లో ‘బిగించు, పాతు’ అనే అర్థమున్న మాట. ఒకచోట నిలబడటం, నిలబడి ఇంకోలా మారటం, రెండూ అందులో ఉన్నాయి. పదేళ్ళుగా పరాయి దేశంలో వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ మనకి జరిగిందీ అదే కదా. ఎవరం ఎటూ పోలేదు. ఉన్నాం, మారాం.

ఇప్పుడు అమ్మ అడిగితే "ఉండిపోను అమ్మా, ఉంటున్నాను" అంటున్నాను. తేడా ఏవిటే అంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి.