భీమ్ కొండల్లో సైకిల్ సవారీ!

‘ఆర్.ఆర్.ఆర్.’లో కొమురం భీమ్ వేషంలో జూనియర్ ఎన్టీఆర్ మోటార్ సైకిలెక్కి వంతెన మీద దూసుకుపోతుంటే ఈల వెయ్యని కుర్రాడెవడు? 2022లో ఆ సినిమా వచ్చాక భీమ్ పేరు దేశదేశాలూ తిరిగొచ్చింది. మరి అసలు భీమ్ తిరిగిన కొండలు చూశారా? చూడలేదూ! అయితే రండి. మోటారు అక్కర్లేదు, గేర్ల సైకిలుంటే చాలు.

‘కొండల్లో సైకిలా?’ అని నవ్వకండి. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు కొందరు లావు టైర్ల పాత సైకిళ్ళేసుకుని కొండల మీంచి మట్టిదారుల్లో దూసుకుంటూ దిగేవారు. 1976లో పందెమే పెట్టారు. కిందికొచ్చేసరికి బ్రేకులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితే గాని సైకిలు పనికిరాదు. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది! ఆ అల్లరే ‘మౌంటెన్ బైకింగ్’గా పెరిగి 1996లో ఒలింపిక్స్‌కి ఎక్కింది.

బ్రేకు మాటొచ్చింది గనక ఓ సంగతి. కరీంనగర్ నుంచి వచ్చేవాళ్ళకి జగిత్యాల దారిలో కొండగట్టు తగులుతుంది. అంజన్న కొండ. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ దిగుతూ బస్సు పడిపోయి అరవై మందికి పైగా చనిపోయారు. కొండ దిగేటప్పుడు హీరోయిజం పనికిరాదు. ఈ మాట మనసులో పెట్టుకునే ముందుకు సాగుదాం.

శకుంతల జలపాతం

నిర్మల్ దాటగానే మహబూబ్ ఘాట్. ఆరో నిజాం పేరు మీద వెలిసిన మలుపుల దారి. నాలుగు వరుసల కొత్త రహదారి దీన్ని తప్పించుకుని పోయింది. లారీల హోరు అటు మళ్ళింది, టేకు చెట్ల నీడ ఇటు మిగిలింది. సైకిలు వాడికి ఇంతకంటే ఏం కావాలి!

నేరడిగొండ దగ్గర పక్కకి తిరిగితే కుంటాల. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే చోటు. శకుంతలా దుష్యంతులు ఇక్కడే కలుసుకున్నారనీ, ఆ పేరే కుంటాలగా మారిందనీ చెప్పుకుంటారు. చూడగానే డ్యూయెట్ పాడాలనిపిస్తుంది. పాడండి, కానీ ఒడ్డునే! నీళ్ళలో దిగి, జారి, తిరిగి రాని కుర్రాళ్ళున్నారు.

గుడిహత్నూర్ నుంచి కెరమెరి దాకా

గుడిహత్నూర్ దగ్గర హైవే వదిలి ఉట్నూరు దారి పట్టాక అసలు ప్రయాణం మొదలవుతుంది. ఎత్తుపల్లాలు, పత్తి చేలు, మోదుగ చెట్లు, గోండు గూడేలు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి నాగోబా జాతర. మెస్రం వంశంవారు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు మోసుకొస్తారు. సైకిలు మీద ఆయాసపడే మనం వాళ్ళ ముందు ఏపాటి!

పక్కనే ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కులకోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాల మాట. స్తూపం దగ్గర సైకిలు ఆపండి. అక్కడ మాట్లాడాలనిపించదు.

జైనూరు దగ్గరి మార్లవాయి గుస్సాడీ ఊరు. నెమలి ఈకల టోపీతో ఆడి ఆడి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది ఈ ఊరే. 2024లో కన్నుమూశారు. గోండుల మధ్య బతికి వాళ్ళ గురించి ప్రపంచానికి రాసిన హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులూ ఇక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత కెరమెరి ఘాట్! మలుపు మలుపుకీ లోయ. రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా వదులుతూ దిగాలి. ఈ మండలంలోనే జోడేఘాట్. 1940లో నిజాం పోలీసుల తూటాలకి భీమ్ ఒరిగిన చోటు. అల్లాణి శ్రీధర్ ఆయన మీద 1990లో తీసిన సినిమా తెరకెక్కడానికి 2010 దాకా ఆగాల్సొచ్చింది. ఒక సినిమాకి ఇరవయ్యేళ్ళు! భీమ్ అడిగిన జల్, జంగల్, జమీన్ మాట ఈ గూడేల్లో ఇంకా తెగలేదు.

అందుకే ఒక్క విన్నపం. ఈ కాలిబాటలు మన సరదాకోసం వెలిసినవి కావు. చేనుకీ, సంతకీ, బడికీ జనం నడిచే దారులు. చేలో టైరు దింపకండి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. లోపలి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. అడగకుండా ఎవరి ఫొటో తియ్యొద్దు.

వానలు వెనకబట్టిన అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి అదను. దీపావళికి వెళితే గుస్సాడీ, పుష్యమాసంలో వెళితే నాగోబా. పంపు, పంక్చరు సామాను, స్పేరు ట్యూబు, రెండు సీసాల నీళ్ళు మరవకండి. దారి తెలియకపోతే ఆగి ‘రామ్ రామ్’ అనండి. బదులు వస్తుంది, దారీ తెలుస్తుంది!