ఈరోజు ఏం రాశారు?

తెల్లారగానే నర్సు వచ్చి కాగితం, పెన్ను చేతికిస్తుంది. ‘ఒక్క వాక్యం రాయండి’ అంటుంది. నిన్న ‘మాది రాజాం’ అని గుండ్రంగా రాసిన మనిషి ఈరోజు ‘మా’ దగ్గరే ఆగిపోయాడనుకోండి... ఆమె వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తుంది.

రక్తక్యాన్సర్లకు ఇచ్చే కార్-టి చికిత్సలో ఇదో పరీక్ష. రోగి రక్తంలోంచి టి కణాల్ని తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా జన్యువుల్ని మార్చి, తిరిగి ఆ మనిషికే ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. విదేశాల్లో మూడు, నాలుగు కోట్లయ్యే వైద్యం ఇక్కడ 40 లక్షల చిల్లరకు దిగింది. దిగినా, శ్రీకాకుళం రైతుకు అదీ కొండే!

కణాల సంచి గడ్డకట్టి వస్తుంది. ఇద్దరు నర్సులు పేరు, నంబరు సరిచూస్తారు. ఎక్కించడం నిమిషాల పని. అసలు కాపలా ఆ తర్వాతే. కణాలు పోరు మొదలుపెడితే జ్వరం కాస్తుంది, బీపీ పడిపోతుంది. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నారికి ప్రాణం మీదికొస్తే కీళ్లవాతం మందు టోసిలిజుమాబ్ కాపాడింది. ఇప్పుడా మందును ముందే సిద్ధంగా పెట్టుకుంటారు. ఇవ్వమనేది డాక్టరే. ఆ ఘడియ వచ్చిందని ముందు పసిగట్టేది మంచం పక్కనున్న నర్సు.

మెదడు తీరు తెలుసుకోవడానికి పది మార్కుల పరీక్ష ఉంది. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి? మూడు వస్తువుల పేర్లు, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్క... రాతకు ఒక మార్కు. మరి సంతకమూ రాని అవ్వను ఏం రాయమంటారు? ‘లేదు’ను ‘నేదు’ అంటే అది నాలుక తడబాటా, సిక్కోలు యాసా? కణాలు ఎక్కించకముందే ఆమెతో నాలుగు మాటలాడి రాసిపెట్టుకున్న నర్సుకే ఆ తేడా తెలుస్తుంది.

డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని వారాలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి. హైదరాబాద్‌లో చేయించుకుంటే శ్రీకాకుళం సుమారు 700 కిలోమీటర్లు. గది అద్దె, తిండి, వెంట ఉన్న కొడుక్కి పోయే కూలి... ఇవి ఏ బిల్లులోనూ కనిపించవు. ఆ కొడుకునే నర్సు కూచోబెట్టి థర్మామీటరు చూడటం నేర్పుతుంది. ‘జొరమే కదమ్మా, మాత్రేసేత్తాం’ అంటాడతను. ఆమె ఒప్పుకోదు. ‘మాత్రకంటే ముందు ఫోను. అర్ధరాత్రయినా సరే’ అంటుంది. నంబరు ఎక్కించుకున్నాడో లేదో చూసి, తన ముందే ఒకసారి రింగ్ చేయిస్తుంది.