పదిమందికీ పంపండి

హేతువాద మిత్రులు నలుగురు కలిస్తే చివరికి తేలే ప్రశ్న ఒకటే. మనం రాసేది ఎవరికి చేరుతోంది? సభకి వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ ముప్ఫై మందే. పత్రిక తెప్పించుకునేది ఎప్పుడూ తెప్పించుకునే ఆ కొద్దిమందే. వాళ్ళూ ముందే మనతో ఏకీభవించినవాళ్ళు. జాతకాలవాడికీ తాయెత్తులవాడికీ లక్షల్లో జనం ఉంటే మనకెందుకు లేరు?

దీనికి కుర్రవాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "షేర్ బటన్లు పెట్టండి సార్. ప్రతి వ్యాసం కిందా వాట్సాప్ గుర్తు, ఫేస్‌బుక్ గుర్తు ఉండాలి. ఎంతమంది పంచుకున్నారో అంకె కనబడాలి. పక్కన 'ఎక్కువమంది చదివినవి' అని ఒక డబ్బా ఉండాలి. చివర్లో 'పదిమందికీ పంపండి' అని రాయాలి." వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. ఆ మాట మనది కాదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

నలభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పంపినవాడి పేరు లేకుండా పోస్టు కార్డు ఒకటి వచ్చేది. ఫలానా గుడిలో పాము మనిషి రూపంలో కనిపించి పూజారితో మాట్లాడిందట. ఈ సంగతి 21 మందికి రాసినవాడికి లాటరీ తగిలిందట. కార్డు చించేసినవాడు రక్తం కక్కుకుని చచ్చాడట. ఒక ఆశ, ఒక భయం, ఒక అంకె. అందులో ఉన్న సరుకంతా అంతే. కొందరు కరపత్రాలు అచ్చు వేయించి బస్టాండులో పంచేవారు.

ఆ లెక్క ఎప్పుడైనా వేశారా? ఒకడు 21 మందికి రాశాడు. ఆ 21 మందీ తలా 21 రాస్తే 441. మూడో విడతకి 9,261. నాలుగో విడతకి 1,94,481. అయిదో విడతకి 40 లక్షలు దాటుతుంది. ఏడో విడతకి 180 కోట్లు. మన దేశ జనాభా చాలదు. అంటే గొలుసు ఎక్కడో తెగి తీరాలి. తెంపినవాళ్ళందరూ రక్తం కక్కుకుంటే ఈపాటికి దేశంలో మనిషి మిగిలేవాడు కాదు. ఈ లెక్కకి ఏడో తరగతి చదువు చాలు. అయినా కార్డులు రాశారు. 1990ల మొదట్లో కార్డు 15 పైసలు. 21 కార్డులకి 3 రూపాయల 15 పైసలు. పైగా 21 సార్లు చేత్తో రాయాలి. అంత కష్టపడి పంచారు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగిన సంగతి చూడండి. సెల్‌ఫోన్ సేవ మన దేశంలో మొదలై అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఇంటర్నెట్ జనానికి తెలియదు. అయినా పొద్దున ఢిల్లీలో పుట్టిన కబురు సాయంత్రానికి దేశమంతా పాకి, విదేశాల్లోని గుళ్ళకి కూడా చేరింది. ల్యాండ్‌లైన్ ఫోన్లు చాలాయి. కాబట్టి పంచుకోవాలనే కోరికని బటన్ పుట్టించలేదు. అది అంతకు ముందే ఉంది. మధ్యలో ఉన్న అడ్డుని బటన్ తీసేసింది. కార్డు కొనేటప్పుడు, ఇరవయ్యోసారి రాస్తూ చెయ్యి నొప్పెట్టినప్పుడు "ఇది నిజమేనా?" అని ఒక క్షణం అనిపించే అవకాశం ఉండేది. బటన్‌తో ఆ క్షణం పోయింది.

సరే, ఆ బటన్ మనకైనా ఉపయోగపడుతుందా? 2014లో బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైటులో షేర్ బటన్లు పెట్టి లెక్క చూసింది. నొక్కినవాళ్ళు వెయ్యికి ఇద్దరు. 2016లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధకులు ట్విట్టర్‌లో వార్తల లింకులు ఎలా తిరుగుతున్నాయో చూస్తే, పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ తెరిచి కూడా చూడలేదని తేలింది. అంటే చదవకుండానే ముందుకి తోసేశారు. మనం మురిసిపోయే ఆ అంకె చేతుల లెక్క. తలల లెక్క కాదు.

పైగా ఆ డబ్బాలు ఉచితంగా ఎందుకిచ్చారని ఎవరూ అడగలేదు. యాడ్‌దిస్ అనే కంపెనీ షేర్ బటన్ల డబ్బా లక్షల సైట్లలో ఉండేది. చదవడానికి వచ్చినవాడు ఏయే సైట్లు తిరుగుతున్నాడో అది కనిపెట్టేది. 2014లో పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. 2016లో ఒరాకిల్ ఆ కంపెనీని కొనేసింది, 2023 మే 31న మూసేసింది. ఉచిత వైద్యం అంటూ వచ్చిన బాబాని "నీకేం లాభం?" అని నిలదీసే మనం, ఉచిత బటన్ని మాత్రం ఆ ప్రశ్న అడగలేదు.

అసలు ప్రమాదం ఇది కాదు. 2018 మార్చిలో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకుల వ్యాసం వచ్చింది. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన 1,26,000 కథనాలు చూశారు. అబద్ధాన్ని పంచుకునే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన కాలం అబద్ధానికి పట్టినదానికి ఆరు రెట్లు. ఇది యంత్రాల పని అనుకునేరు. కాదు, మనుషులే చేశారు. అబద్ధం ఎప్పుడూ కొత్తగా, వింతగా ఉంటుంది. నిజం ఎప్పుడూ విన్నట్టే ఉంటుంది. "చన్నీళ్ళు తాగితే కేన్సర్" అంటే పంపుతారు. "చన్నీళ్ళు తాగితే ఏమీ కాదు" అంటే ఎవరు పంపుతారు? పరుగుపందెం పెట్టింది వాళ్ళు. ఆ పందెంలో దిగితే మనం కూడా పరిగెత్తడానికి వీలుగా నిజాన్ని కొంచెం చెక్కాల్సి వస్తుంది, కొంచెం కారం కలపాల్సి వస్తుంది. చివరికి మనమూ పాము కార్డే రాస్తాం. కాకపోతే హేతువాదం పేరుతో రాస్తాం.

నేనుండే తిల్దా రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. స్టేషన్ బోర్డు మీద తిల్దా-నేవరా అని రాసి ఉంటుంది. వరి, రైస్ మిల్లులు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు. నా ఫోన్‌లో ఊరివాళ్ళ హిందీ గ్రూపులున్నాయి, చుట్టాల తెలుగు గ్రూపులున్నాయి. ఒకే పుకారు పొద్దున హిందీలో వచ్చి రాత్రికి తెలుగులో వస్తుంది. హిందీలో రాయపూర్ డాక్టరు చెప్పింది తెలుగులోకి వచ్చేసరికి గుంటూరు డాక్టరు చెప్పినట్టు అవుతుంది. ఊరి పేరు దానంతటది మారదు. మార్చిన మనిషి ఒకడుండాలి. అది అబద్ధమని కనీసం ఆ ఒక్కడికైనా తెలిసుండాలి.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల వీడియో ఇలాగే రెండు భాషల్లోనూ వచ్చింది. మోటార్ సైకిలు మీద ఇద్దరొచ్చి రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని కరాచీలో ఒక సంస్థ తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్ళే పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు. ఆ ఏడాది దేశంలో చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో ఒకేసారి అయిదుగురిని చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో హైదరాబాదు నుంచి వెళ్ళిన యువకుణ్ణి చంపారు.

మా మిల్లు పక్కన కూడా ఒకరోజు స్టీలు గిన్నెలు అమ్ముకునేవాణ్ణి జనం చుట్టుముట్టారు. అతని యాస ఈ ప్రాంతానిది కాదు. అదే అతని నేరం. ఒకడు ఆధార్ కార్డు చూపమంటున్నాడు, ఇంకొకడు వీడియో తీస్తున్నాడు. ధాన్యం తెచ్చిన ఒక ముసలి రైతు బండి దగ్గర్నుంచి లేచి వచ్చి ఒక్కటే అడిగాడు. "పోయింది ఎవరి పిల్లాడు? పేరు చెప్పండి, పదండి వాళ్ళింటికి పోదాం." ఎవరి దగ్గరా పేరు లేదు. పక్క ఊళ్ళో అన్నారు. ఏ ఊళ్ళో అంటే చెప్పలేకపోయారు. జనం పలచబడ్డారు. గిన్నెలవాడు మూట కట్టుకుని స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు. ఆ రైతుకి చదువు రాదు, హేతువాదం అనే మాట తెలియదు. కానీ హేతువాదం అంటే ఆ ప్రశ్నే. దానికి ఏ బటన్లోనూ చోటు లేదు.

ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి అయిదింటికి మించి పంపకుండా కట్టడి చేసింది, ఫొటోల, వీడియోల పక్కన ఉండే ఫార్వర్డ్ బటన్ని తీసేసింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజిని ఒకసారికి ఒక్కరికే పంపేలా చేసింది. దాంతో అలాంటి మెసేజిల పంపకం 70 శాతం తగ్గిందని ఆ కంపెనీయే చెప్పింది. మళ్ళీ ఒకసారి వేలు కదపాల్సి వచ్చేసరికే అంత తగ్గిందంటే, అంతకు ముందు పంచినదాని విలువ ఎంతో ఆలోచించండి.

బటన్ లేకుండా మంచి మాట పాకదా? పాకుతుంది. 2018లోనే తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక పని చేశారు. ఊరికొక పోలీసుని అప్పగించారు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని పడుకుంటున్నారని వాళ్ళు గమనించారు. ఎందుకని అడిగితే ఫోన్లలో వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు ఇంటింటికీ వెళ్ళి చెప్పారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కొట్టి పాటలు పాడించారు. ఆ ఊళ్ళలో ప్రాణం పోలేదు. అందులో వేగం లేదు. కానీ చెప్పినవాడి ముఖం కనబడింది, ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి మనిషి ఉన్నాడు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడిలో సారా వల్ల చితికిపోయిన సంసారం కథ ఒక పాఠంగా ఉండేది. ఆడవాళ్ళు అది చదివి "ఇది మన కథే కదా" అన్నారు. 1992 కల్లా సారా దుకాణాలు మూయించారు, వేలంపాటల్ని అడ్డుకున్నారు. ఊరి నుంచి ఊరికి పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం కింద "పదిమందికీ పంపండి" అని ఎవరూ రాయలేదు. చదివినవాళ్ళు దాన్ని తమ ఇంట్లోనే సరిచూసుకోగలిగారు. అందుకే పాకింది.

మా ఛత్తీస్‌గఢ్‌లో ఈ సంగతికి ప్రాణం ఖరీదుంది. ఇక్కడ చేతబడి చేస్తుందని నమ్మే ఆడదాన్ని టోనహీ అంటారు. పశువు చచ్చినా, పిల్లాడికి జ్వరమొచ్చినా ఒంటరి ముసలిదాని మీదికి పోతారు. మొదట ఒకరి నోట మాట, తర్వాత పదిమంది నోట. దానికీ బటన్ అక్కర్లేదు. 2005లో రాష్ట్రం టోనహీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది. ఒక మనిషిని టోనహీ అని వేలెత్తి చూపితేనే మూడేళ్ళ దాకా జైలు, వేధిస్తే అయిదేళ్ళ దాకా. కొట్టకపోయినా సరే, ఆ మాట అన్నందుకే శిక్ష. అంటే మాటకి దాన్ని పలికినవాడే బాధ్యుడని ఈ చట్టం చెబుతోంది. ఫార్వర్డ్ చేసినవాడు "నేను రాయలేదండీ, వచ్చింది పంపానంతే" అంటాడు. ఆ సాకు ఇక్కడ చెల్లకూడదు.

రాయపూర్‌లో కంటి డాక్టరు దినేశ్ మిశ్రా అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి తరఫున ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్నారు. హరేలీ అమావాస్య రాత్రి టోనహీలు తిరుగుతారని భయపడి జనం గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ రాత్రే ఆయన బృందం పల్లెలు తిరుగుతుంది. "రండి, ఎక్కడ తిరుగుతున్నారో చూద్దాం" అనడం కంటే గట్టి వాదం ఏముంది? ఒక రాత్రికి ఎన్ని పల్లెలు తిరగగలరు? కొన్నే. కానీ ఆ పల్లెలో చూసినవాడు మళ్ళీ ఇంకొకరి మాట మీద ఆధారపడక్కర్లేదు.

అందుకని కుర్రవాళ్ళతో నేననేది ఇది. బటన్లు పెట్టొద్దని కాదు. వెతుక్కునేవాడికి దారి ఉండాలి. కానీ అంకె తీసెయ్యండి, "పదిమందికీ పంపండి" తీసెయ్యండి. ఆ చోట "చేసి చూడండి" అని రాసి, ఇంట్లో చేసి చూడగలిగింది ఒకటి పెట్టండి. చెంచా నిండా, అంచుదాకా పాలు పొయ్యండి. పొడి ఇటుక అంచుకి ఆనించి కొద్దిగా వంచండి. ఇటుక పాలు తాగుతుంది. తలతన్యత వల్ల పాలు చెంచా నుంచి బయటికి లాగబడతాయి. ఇటుకలో సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి కొన్ని పీల్చుకుంటుంది, మిగతావి పలచని పొరలా కిందికి జారిపోతాయి. పాలల్లో కాస్త పసుపు కలిపితే జారిన దారి కనబడుతుంది. 1995లో శాస్త్రవేత్తలు చేసి చూపించింది కూడా ఇలాంటిదే, పాలకి రంగు కలిపి.

ఇది చేసి చూసిన పిల్లాడు పదిమందికి పంపకపోవచ్చు. రేపు ఎవరైనా వచ్చి రాయి పాలు తాగిందంటే మాత్రం, చెంచా తెమ్మంటాడు. మనకి కావలసిన పాఠకుడు అతనే.