పిడి కుదిరితేనే గురి

సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే రోడ్డు మీద తిరుమలగిరి దగ్గర బస్సు దిగితే, ఊరు ఊరంతా వ్యవసాయం చుట్టూనే తిరుగుతున్నట్టు ఉంటుంది. వడ్ల బస్తాలు, ట్రాక్టర్లు, ఎరువుల దుకాణాలు, మధ్యలో టీకొట్లు. ఇలాంటి ఊళ్లలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. గొడ్డలి కొన్నా, పార కొన్నా కామ మాత్రం వడ్లాయన దగ్గరే వేయించుకుంటారు. ఆయన తుమ్మకర్రను బాడిశతో చెక్కి, మనిషి చేతికిచ్చి ‘పట్టి చూడు’ అంటాడు. లావనిపిస్తే ఇంకో పొర తీస్తాడు. కుదరని కామతో పొద్దంతా పనిచేస్తే సాయంత్రానికి అరచేతిలో బొబ్బలే మరి!

ఈ ‘పట్టి చూడు’కీ అంతర్జాతీయ పతకాలకూ సంబంధం ఉందంటే వింతగానే ఉంటుంది. కానీ ఉంది. అది తెలియాలంటే ఇదే రోడ్డు మీద జనగామ మీదుగా హైదరాబాద్ దాకా వెళ్లాలి.

తుపాకీ అన్న మాట ఈ దారికి కొత్త కాదు. దేవరుప్పుల మండలంలోని కడివెండి ఇటువైపే. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది అక్కడే. సాయుధ పోరాటానికి నిప్పు రాజుకున్నదీ ఆ నెత్తురుతోనే. తుపాకీ అనగానే పెద్దవాళ్లకు ఆ కథలు గుర్తొచ్చే ప్రాంతమిది. పిల్లలకు మాత్రం ఇప్పుడు వేరే పేర్లు తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రైఫిల్‌తో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. 2018లో 13 ఏళ్ల వయసులో మను భాకర్, హీనా సిద్ధూలను దాటి ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయిన ఈషా సింగ్‌దీ హైదరాబాదే. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలుచుకుంది.

సిటీ బస్సులో గచ్చిబౌలి చేరి, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కి వెళితే ఎవరూ సినిమాల్లోలా రెండు చేతులతో పట్టుకుని కాల్చరు. ఒక చెయ్యి జేబులో, రెండో చెయ్యి ముందుకు చాచి. కిలోకు అటూ ఇటూగా ఉండే పిస్టల్‌ని 75 నిమిషాల్లో అరవైసార్లు ఎత్తాలి, దించాలి. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. పిస్టల్ మీద ముందు, వెనక గురిచూసే సైట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే లక్ష్యం దగ్గర మూడు సెంటీమీటర్ల తేడా! అందుకే చేతికీ పిస్టల్‌కీ మధ్య ఉన్న ఆ చెక్కముక్కకి అంత విలువ.

‘‘మా పిల్లకు గురి లేదండీ’’ అనుకునే తల్లిదండ్రులు ముందుగా చూడాల్సిందీ ఆ చెక్కనే. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా అకాడమీ పిస్టల్‌తోనే మొదలుపెడతారు. దాని పిడి ఎవరో పెద్దవాళ్ల చేతికి తగ్గట్టు ఉంటుంది. పన్నెండేళ్ల అమ్మాయి పట్టుకుంటే వేళ్లు చుట్టూ తిరిగి రావు, చూపుడువేలు ట్రిగ్గర్‌ని కొసతోనే అందుకుంటుంది. అలా కొసతో నొక్కితే పిస్టల్ పక్కకు కదిలి, కుడిచేతి వాటం వాళ్లకు గుండ్లు సాధారణంగా ఎడమకు పోతాయి. నెలల తరబడి అదే తప్పు. చివరికి ‘చేతకాదు’ అన్న పేరొచ్చి, ఇంటికి తిరుగు ప్రయాణం. అంతదూరం నుంచి వచ్చి, హాస్టల్ ఫీజు కట్టి చేరిన పిల్లల విషయంలో ఇది చిన్న నష్టం కాదు. విదేశీ మ్యాచ్ పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. పిడి ఒక్కటీ మార్చుకోవడం దానితో పోలిస్తే చాలా తక్కువ.

పరీక్ష తేలికే. ఖాళీ పిస్టల్‌ని సురక్షితమైన వైపు గురిపెట్టి, కళ్లు మూసుకుని, చెయ్యి ఎత్తి, అప్పుడు కళ్లు తెరవాలి. ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో దానంతటదే నిలిస్తే పిడి కుదిరినట్టు. ప్రతిసారీ ఒక పక్కకే కనిపిస్తే మణికట్టుని తిప్పి సర్దుకోకూడదు, పిడినే సర్దాలి. వదులుగా ఉన్నచోట చెక్కపుట్టీ పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి చేత్తో నొక్కితే అచ్చు పడుతుంది. ఒత్తుకునే చోట ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తారు. ఒక రోజు తీసి, నాలుగు రోజులు కాల్చి చూసి, మళ్లీ తీయాలి. తొందరపడి ఎక్కువ తీసేసినవాళ్లే పుట్టీ డబ్బా కోసం పరుగెడతారు! అరచేతి అంచు ఆనే కింది పలకను కూడా చేతి మందాన్ని బట్టి పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

ఎడమచేతి వాటం వాళ్లకు పిడి వేరే. ఈ మాట వచ్చిందంటే కరోలీ టకాచ్‌ను తలచుకోవాల్సిందే. ఈ హంగరీ సైనికుడి కుడిచెయ్యి 1938లో గ్రెనేడ్ పేలి పోయింది. ఆయన ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు.

ఇక ట్రిగ్గర్. మ్యాచ్ పిస్టల్‌లో దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుంటుంది. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మీద పడాలి, వేలు పిడిని రాసుకోకుండా నేరుగా వెనక్కి రావాలి. లాగడంలో రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టులో కాస్త వెనక్కి వచ్చి ఆగుతుంది, రెండోదానిలో పేలుతుంది. ఆ ఆగిన చోటు వేలికి స్పష్టంగా తెలియాలి. చాలామంది పిల్లలు ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిదనుకుంటారు. అది పొరపాటు, పైగా నిబంధనలు ఒప్పుకోవు. ఎయిర్ పిస్టల్‌లో కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌లో కనీసం 1000 గ్రాముల ఒత్తిడి పడితేగానీ ట్రిగ్గర్ కదలకూడదు. తయారీదారు ఇచ్చిన మరల వరకే కోచ్ ఎదుట తిప్పుకోవాలి తప్ప లోపలి భాగాలు విప్పడం ప్రమాదం. .22 పిస్టల్‌కైతే లైసెన్సు తప్పనిసరి. దాని మరమ్మతు కూడా లైసెన్సున్న తుపాకీ పనివాడి చేతిలోనే జరగాలి.

చెక్కుకోవడానికీ హద్దులున్నాయి. పిడి మణికట్టుకి ఊతం ఇవ్వకూడదు. కాల్చే చేతికి గడియారం, కంకణం వంటివి ఉండకూడదు. పుట్టీ అద్దీ అద్దీ పిడిని ఎంత లావు చేసినా ఎయిర్ పిస్టల్ మొత్తం 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాల్సిందే.

పోటీకి ముందు తనిఖీ బల్ల దగ్గర ఇవన్నీ చూస్తారు. పిస్టల్‌ని పెట్టెలో పెట్టి తీస్తారు. తర్వాత గొట్టం పైకి ఉండేలా నిలబెట్టి, ట్రిగ్గర్‌కి అరకిలో బాటు తగిలించి మెల్లగా పైకెత్తుతారు. మూడు అవకాశాలే. తిరుమలగిరి మార్కెట్‌లో కాంటా ముల్లు వంకే రైతు చూపంతా ఉన్నట్టు, పిల్లలూ ఊపిరి బిగబట్టి ఆ బాటు వంకే చూస్తుంటారు. ట్రిగ్గర్ జారకుండా బాటు బల్ల మీద నుంచి లేస్తే, పిస్టల్ తిరిగి చేతికొస్తుంది.