కొండగొర్రె రూపచిత్రము

జనగామ మెట్టచేల నడుమ పెరిగిన బాలురను అడవి మృగముల పేర్లు చెప్పుడనిన జింకను, దుప్పిని చెప్పుదురు. మహబూబాబాదు అడవిపల్లెలనుండి వచ్చిన విద్యార్థులు కొండగొర్రెను గూడ చెప్పుదురు. అయినను దాని ముఖమును చూచినవాడు వారిలో నాకొక్కడును దొరకలేదు. అందరును చూచినది పొదలలో మాయమగు వీపును మాత్రమే. ఆ కొరత తీర్పవలెనని గతవేసవిలో కెమెరా చేతబట్టి బయలుదేరితిని.

పేరు గొర్రెయే గాని యిది గొర్రె కాదు. కృష్ణజింకకును మనుబోతునకును చుట్టము. దుప్పికొమ్ములు రాలి మరల మొలచును. దీని కొమ్ములు రాలవు. మగదానికి చెవుల నడుమ రెండు, నొసటిమీద పొట్టివి రెండు, మొత్తము నాలుగు కొమ్ములు. అడవిమృగములలో నాలుగుకొమ్ములు గలది లోకమున నిదియొక్కటే. భారతదేశమునందును నేపాళమునందును తప్ప అడవులలో వేరెచ్చటను లేదు.

అటవీశాఖవారి యనుమతితో ఏటూరునాగారము అభయారణ్యమునకు పోతిమి. ఆ ప్రాంతము 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాలోనికి మారినది. మృగములకు మాత్రము పాతదారులే!

కొండగొర్రె మందలుగా తిరుగదు. అలికిడి విన్నచో కదలక నిలుచును. కావున చెంతనే యున్నను కానరాదు. ఒకేచోట మరల మరల పెంటికలు వేయుట, తప్పక నీటికి వచ్చుట దాని యలవాటులు. మొదటిదానివలన ఉనికి తెలియును. రెండవదానివలన ముఖము దొరకవచ్చును.

1927లో ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్’ అను గ్రంథమును ప్రకటించిన ఛాంపియన్ దొర మృగములు నడచు దారికి తీగె కట్టెడివాడు. మృగము తీగెను తాకినంతనే మెరుపువెలుగున చిత్రము పడెడిది. మనిషి దాపున నుండనక్కరలేదు. మాకట్టి సాధనము లేదు గనుక, ఎండిన వాగులో మిగిలిన యొక మడుగున కెదురుగా కొమ్మలచాటున కూర్చుంటిమి.

రెండుదినములు నెమళ్లే వచ్చినవి. మూడవనాటి యుదయమున తునికిపొదలో ఒక చెవి కదలెను. పిమ్మట కొమ్ములు కానవచ్చెను. ఒక చిత్రము తీసితిని. ఆ చిన్న చప్పుడునకే యది శిలవలె నిలిచెను. పిదప రెండుమారులు మడుగువైపు అడుగిడి, రెండుమారులును వెనుకకు తగ్గెను. ముఖము పూర్తిగా దొరకుటకు ఒక్క యడుగే తక్కువ. నా వ్రేలు మీటమీదనే యున్నది.

వెంట వచ్చిన కోయపెద్ద నా చెవిలో, “పంతులుగారూ, మనముండగా అది నీళ్లు ముట్టదు. పొద్దెక్కితే ఊరకుక్కలు వచ్చును” అనెను.

కెమెరాను సంచిలో పెట్టి వెనుకకు ప్రాకితిమి. వాగుమలుపునుండి చూడగా అది తలవంచి త్రాగుచుండెను. చాలసేపు త్రాగినది.

చిత్రము ప్రక్కపుటలో నున్నది. వెనుకకొమ్ములు రెండును, ఒక చెవియు, ఒక కన్నును స్పష్టముగా నున్నవి. నొసటికొమ్ములను తునికాకులు కప్పినవి.