అక్షరక్రమంలో ఊళ్ళు

ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్. వీటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు చూడండి: ఎఫ్, జీ, హెచ్, ఐ, జే, కే. ఎవరో సార్ట్ చేసినట్టు లేదూ? నిజంగానే చేశారు. కెనడాలోని సస్కాచ్వాన్‌లో, 1908 ప్రాంతంలో, గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ రైల్వే కంపెనీ స్టేషన్లకి వరసగా ఇలా పేర్లు పెట్టుకుంటూ పోయింది. మన దగ్గర ఊరు ముందు, స్టేషన్ తర్వాత. అక్కడ స్టేషన్ పడ్డాకే ఊరు.

రెజీనాలో చదువుతున్న మా పెద్దమ్మ కూతురు ఆ దారిన వెళ్తూ ఫోటో పంపింది. వెడల్పాటి వీధి, మూసేసిన కొట్టు, మనిషి జాడ లేదు. "పొలాలు బంగారంలా ఉన్నాయిరా, ఊరే లేదు" అంది. పంట బాగుంటే ఊరెందుకు పోతుంది? నాకు అర్థం కాలేదు. చదవడం మొదలుపెట్టాను.

అప్పట్లో రైతు గుర్రబ్బండిలో గోధుమలు వేసుకుని స్టేషన్‌కి వచ్చి, అమ్ముకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకే పది, పదిహేను కిలోమీటర్లకో స్టేషన్. పక్కనే ధాన్యం దింపి వ్యాగన్లకి ఎక్కించే ఎత్తైన చెక్క గోదాము, దాన్నే ఎలివేటర్ అంటారు. 1930లలో ప్రెయిరీ మైదానాల్లో అవి 5,700కి పైగా ఉండేవి. గింజలు అమ్మడానికి వచ్చినవాళ్ళు కొట్టుకి వెళ్ళేవారు, పోస్టాఫీసుకి వెళ్ళేవారు. ఊరంటే అదే.

తర్వాత లారీలొచ్చాయి. వంద వ్యాగన్లు ఒకేసారి నింపే కాంక్రీటు ఎలివేటర్లొచ్చాయి. 1995లో ధాన్యం రైలు రవాణాకి ఇచ్చే ప్రభుత్వ సబ్సిడీ ఆగిపోయాక చిన్న లైన్లు ఇంకా వేగంగా మూతపడ్డాయి. యంత్రాలు పెరిగేకొద్దీ కమతాలు పెరిగాయి. ఇప్పుడక్కడ సగటు కమతం 1,700 ఎకరాల పైమాటే. పిల్లలు లేక బడి మూత, బడి లేక ఇంకో కుటుంబం వలస. మెయిన్ లైన్ మీద రైళ్ళు ఇప్పటికీ పోతాయి. చాలా ఊళ్ళలో ఆగవు, అంతే.

పంట మాత్రం తగ్గలేదు. మన మెస్‌లో వండే మసూర్ పప్పు కూడా అక్కడిది కావచ్చు. కెనడా మసూర్‌లో ఎక్కువ భాగం సస్కాచ్వాన్‌లోనే పండుతుంది, మన దేశం పెద్ద ఎత్తున కొంటుంది.

అంటే ఆ ఊళ్ళు వ్యవసాయం ఓడిపోయి పోలేదు. తక్కువ మందితో గెలవడం నేర్చుకుంది కాబట్టి పోయాయి. మన భాషలో చెప్పాలంటే ఆప్టిమైజేషన్. నాకు చాలా ఇష్టమైన మాట అది. కానీ తగ్గించాల్సిన ఖర్చు ఏదో రాసుకున్నప్పుడు రవాణా రాశారు, కూలి రాశారు. సాయంత్రం పలకరించే మనుషుల్ని ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

మా తాతయ్య ఊళ్ళో వరి ఇప్పటికీ పచ్చగానే ఉంటుంది. నాటడానికి మిషన్, కోయడానికి మిషన్. బడిలో పిల్లలు మాత్రం ఏటా తగ్గుతున్నారు. "చదువయ్యాక ఎక్కడుంటావురా?" అని ఆయన అడిగినప్పుడల్లా బెంగళూరు అంటాను. ఆయన తలూపుతాడు. ఆ లెక్కలోంచి తగ్గే ఒక మనిషిని నేనే.